గవెయిన్ డాలుపై పంచకోణం

పంచకోణ నక్షత్రం ఎక్కడ కనబడినా దానిని యంత్రమని నిర్ణయించే తొందరపాటు ఆధ్యాత్మిక రచనలలో తరచు కానవస్తుంది. ఆ దృష్టితో చదివితే, 14వ శతాబ్ది చివర ఆంగ్లభాషలో వెలసిన ‘సర్ గవెయిన్ అండ్ ద గ్రీన్ నైట్’ అనే వీరకావ్యానికి అన్యాయమే జరుగుతుంది.

అజ్ఞాతకవి రచించిన ఆ కావ్యంలో ఆర్థర్ రాజు మేనల్లుడు గవెయిన్. అతని ఎర్రని డాలుపై స్వర్ణవర్ణంలో పంచకోణం చిత్రితమై ఉంటుంది. కవి కథాగమనాన్ని నిలిపివేసి మరీ ఆ ఆకృతిని వ్యాఖ్యానిస్తాడు. సాలమన్ దానిని సత్యచిహ్నంగా నెలకొల్పాడట. ఆంగ్లజనులు దానిని ‘అంతులేని ముడి’ అంటారట. పంచేంద్రియాలు, ఐదు వ్రేళ్ళు, క్రీస్తు ఐదు గాయాలు, మేరీమాత ఐదు ఆనందాలు, వీటి తరువాత ఔదార్యం, సౌహార్దం, శుచిత్వం, మర్యాద, కరుణ అనే సుగుణపంచకం. గీసేవాడు లేఖిని ఎత్తనక్కరలేదు. రేఖ బయలుదేరిన బిందువునకే తిరిగి చేరుతుంది. అందుచేతనే ఒక్కచోట తెగినా ఆవృతి సమస్తమూ భగ్నమవుతుంది. ఒక గుణం చ్యుతమైతే తక్కినవి నిలువవన్నమాట.

శ్రీచక్రంలో తొమ్మిది త్రికోణాలు పరస్పరం ఖండించుకొంటూ బిందువును ఆవరిస్తాయి. ఉపాసకుని చిత్తం అక్కడ లయించాలి. గవెయిన్ పంచకోణానికి అట్టి లయస్థానం లేదు. అది ఉపాసనార్థం కాదు, లోకసమక్షంలో ధరించిన ప్రతిజ్ఞ. దానికి సన్నిహితమైనది యంత్రశాస్త్రం కాదు, ధర్మరాజు రథం. భూమికి నాలుగంగుళాల ఎత్తున సాగే ఆ రథం, ద్రోణవధ నాటి అర్ధసత్యంతో నేలను తాకింది.

గవెయిన్ అసత్యం పలికి తప్పలేదు, మౌనం వల్ల తప్పాడు. ఏనాడు లభించినది ఆనాడే పరస్పరం ఇచ్చిపుచ్చుకోవాలని ఆతిథ్యమిచ్చిన ప్రభువుతో ఒడంబడిక ఉండగా, ప్రభుపత్ని ఇచ్చిన పచ్చని నడికట్టును ప్రాణరక్షకమని నమ్మి దాచుకొన్నాడు. గొడ్డలి మూడవ వేటుకు మెడపై చిన్న గాటు మిగిలింది. ప్రాణప్రీతి చేత చేసిన దోషం కనుక దండన స్వల్పమని దండించినవాడే చెబుతాడు. ధర్మరాజు విజయార్థం పలికిన మాటకంటె ఇది క్షమార్హమే. అయినా గవెయిన్ తనను తాను క్షమించుకొనలేడు. రేఖాగణితం నేర్పిన సత్యంలో స్వల్పదోషమనే మాటకు చోటులేదు కదా!

అందుకే ఆ నడికట్టు పంచకోణంకంటె మానవునికి ఆప్తమైన చిహ్నం. దానికి రెండు కొనలున్నాయి. ఎవరో ఒకరు కడితేనే ముడి అవుతుంది. గవెయిన్ దానిని ఎడమచంక క్రింద ముడివేసి అవమానచిహ్నంగా ధరించి వస్తాడు. ఆర్థర్ సభ నవ్వి, తామందరూ అట్టి పచ్చపట్టీనే గౌరవంగా ధరిస్తామంటుంది. ఆ నవ్వు అతనికి ఊరటనిచ్చిందో లేదో కవి చెప్పడు.