గగనయానము – గడియారము

బిడ్డ విమానమెక్కిన దినమున తల్లి చూపు గడియారమును వీడదు. లండను నుండి న్యూయార్కునకు ఆకాశమార్గమున సుమారు 5,550 కిలోమీటర్లు. పగలు 11 గంటలకు బయలుదేరిన విమానము అచట మధ్యాహ్నము 2 గంటలకు దిగునని విని, 3 గంటలు గడచినను వార్త రాలేదేమని తల్లడిల్లిన తల్లులను మే మెఱుగుదుము. న్యూయార్కు గడియారము సాధారణముగా 5 గంటలు వెనుక నుండును. నిజప్రయాణము దాదాపు 8 గంటలు. గడియారములను తీసివేసి లెక్కింపక, ప్రయాణకాల మెంతయో ముందే యడిగి యుంచుకొనుడు.

మరలివచ్చుటకో, సుమారు 7 గంటలే చాలును! ఇంటిదారి పట్టిన యెద్దులు వడిగా నడచుట మన మెఱిగినదే. ఇచట కారణము వేఱు. పది కిలోమీటర్ల యెత్తున పడమటినుండి తూర్పునకు వీచు మహావాయుప్రవాహము విమానమును వెనుకనుండి త్రోయును. శీతకాలమున దాని బలము హెచ్చు. 2020 ఫిబ్రవరిలో నొక విమానము న్యూయార్కు నుండి లండనునకు 5 గంటలలోపుననే చేరెను.