పాత చీర, మిగిలిన కూర, పాత ఫ్రిజ్

పోయిన భాగంలో శ్మశానం దారి గొడవ మధ్యలో ఆపాను. దాన్ని వచ్చే వారం అందుకుంటాను. ఈ వారం ఒక ఫ్రిజ్ గురించి రాయాలి. కులం మీద రాసేవాడు ఫ్రిజ్ గురించి రాయడమేంటని నవ్వకండి. చివరిదాకా చదివాక నవ్వండి.

జూన్ 5న ఒక డిగ్రీ కాలేజీలో పర్యావరణ దినోత్సవం జరిగింది. నన్ను కూడా పిలిచారు, వేదిక మీదికి కాదు, కింద కూర్చోవడానికి. ముఖ్య అతిథి బాగానే మాట్లాడాడు. పదేళ్లు దాటిన ఫ్రిజ్ ఇంట్లో ఉంటే రేపే తీసేయండి, ఐదు స్టార్లది కొనండి, కరెంటు ఆదా, భూమికి మేలు అన్నాడు. చప్పట్లు కొట్టారు. వెనక వరసలోంచి మా వాడ పిల్ల ఒకతి లేచింది. "సార్, మేం పదిహేనేండ్ల ఫ్రిజ్ మొన్ననే తెచ్చుకున్నం. మేమేం చెయ్యాలె సార్?" హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, "ఎక్స్‌ఛేంజ్ ఆఫర్‌లో ఇచ్చెయ్యమ్మా" అన్నాడు.

ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.

ఆ సాయంత్రం వాళ్లింటికి పోయాను. వాళ్లమ్మను నేను వదినా అని పిలుస్తాను. పట్నంలో ఒక ఇంట్లో ఎనిమిదేళ్లుగా గిన్నెలు తోముతుంది, ఇల్లు తుడుస్తుంది. ఆ ఇంటివాళ్లు కొత్త ఫ్రిజ్ కొన్నారు. షోరూంలో పాతదానికి పదిహేను వందలే కడతామన్నారట. అమ్మగారికి మనసొప్పలేదు. "దసరాకు నీకిస్తున్న, తీస్కపో" అంది. వదిన ఆటోకు ఆరు వందలు పెట్టి తెచ్చుకుంది. తర్వాతి నెల జీతంలో ఐదు వందలు తగ్గాయి. ఆ పై నెల ఇంకో ఐదు వందలు. "ఏందమ్మా అంటే, ఊకనే ఇస్తరా ఎవలన్న అన్నది. మూడు వేలు పట్టుకున్నది తమ్మీ." షోరూం పదిహేను వందలు కట్టిన వస్తువుకు మా వదిన మూడు వేలు కట్టింది. పైగా ఆ ఇంట్లో చుట్టాలు వస్తే, "మా పనిమనిషికి ఫ్రిజ్ ఇచ్చాం" అని చెప్పుకుంటున్నారట.

మా అమ్మకు దొరల ఇంటి నుంచి పాత చీర వచ్చేది, మిగిలిన కూర వచ్చేది. ఇప్పుడు పాత ఫ్రిజ్ వస్తోంది. తేడా ఏంటంటే, పాత చీర నెలనెలా బిల్లు పంపేది కాదు.

ఆ బిల్లు సంగతి వినండి. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు. 2024 మార్చి నుంచి అమలవుతోంది. వదిన ఇంట్లో రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, లైట్లు, వేసవిలో కూలరు. 140 యూనిట్లు ఎప్పుడూ దాటలేదు. ఫ్రిజ్ వచ్చాక మే నెలలో 211 పడింది. పైన పడిన 11 యూనిట్లకు కట్టి ఊరుకునే లెక్క కాదిది. గీత దాటితే ఆ నెల మొత్తం కట్టాల్సిందే. వెయ్యి రూపాయలు దాటిన బిల్లు ఆ ఇంటికి వచ్చింది. మీటరు రీడింగు తీసే అబ్బాయి తప్పు కొట్టాడేమోనని వదిన రెండు రోజులు పనికి పోకుండా కరెంటాఫీసు చుట్టూ తిరిగింది. ఆ రెండు రోజుల జీతం కూడా కోసుకున్నారు.

నా దగ్గర ప్లగ్గుకు తగిలించే చిన్న మీటరు ఉంది. దాన్ని పెట్టి 24 గంటలు చూశాం. 2.4 యూనిట్లు. నెలకు 72. తలుపు రబ్బరు చీలిపోయింది, లోపలి చల్లదనం బయటికి కారిపోతుంది, కంప్రెసర్ ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటుంది. ఇప్పుడు దుకాణంలో ఉన్న చిన్న సింగిల్ డోర్ ఫ్రిజ్ మీది స్టార్ లేబుల్ చదవండి. ఏడాదికి 150 యూనిట్లు, అటో ఇటో. అంటే నెలకు పన్నెండో పదమూడో. పట్నం ఇల్లు నెలకు ఆ పన్నెండు యూనిట్లతో నడుస్తుంటే, మా వాడ ఇల్లు 72 యూనిట్లు మోస్తోంది.

ఇప్పుడు ముఖ్య అతిథి గారి లెక్కకు వద్దాం. ఆ అమ్మగారు కొత్త ఫ్రిజ్ కొంది కాబట్టి దేశానికి కరెంటు ఆదా అయిందని ఆయన చెబుతాడు. ఎక్కడయింది? పాతది ఆగలేదు కదా. ఇరవై కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చి మా దగ్గర తిరుగుతోంది. నిన్నటిదాకా ఒక ఫ్రిజ్, ఇవాళ రెండు. పైగా అది ఆదా పేరుతో జరిగింది. పాతది పగిలి ముక్కలయ్యేదాకా ఆదా అనే మాట అబద్ధం.

మెక్సికో ప్రభుత్వం 2009లో పాత ఫ్రిజ్‌లు, ఏసీలు మార్చే పథకం పెట్టింది. పదేళ్లు దాటిన పాతది అప్పగిస్తేనే రాయితీ. అప్పగించిన దాన్ని రీసైక్లింగ్ కేంద్రానికి తీసుకుపోయి విప్పేయాలి, మళ్లీ బజారుకు రాకూడదు. అంత గట్టి షరతు పెట్టినా, తర్వాత ఆర్థికవేత్తలు బిల్లులు తిరగేస్తే, ఫ్రిజ్ మార్చిన ఇళ్లలో వాడకం సుమారు 8 శాతమే తగ్గింది, అనుకున్న దాంట్లో నాలుగో వంతు. ఏసీ మార్చిన ఇళ్లలో తగ్గకపోగా పెరిగింది. చల్లగా ఉంది కదాని ఎక్కువసేపు వేశారు. అంత కట్టుదిట్టం చేసిన చోటే అట్లా ఉంటే, పాత ఫ్రిజ్ ఎటు పోయిందో అడిగే దిక్కు లేని మన ఎక్స్‌ఛేంజ్ మేళాల్లో ఏం మిగులుతుందో మీరే ఊహించుకోండి.

మరైతే వదిన ఆ ఫ్రిజ్ తీసెయ్యాలా? ఈ మాట అనే పర్యావరణవాది ముందు వాళ్లింట్లో ఫ్రిజ్ తలుపు తెరవాలి. పై అరలో వాళ్లత్తమ్మ ఇన్సులిన్ ఉంది. ఇంతకుముందు దాన్ని తడిగుడ్డ చుట్టి కుండలో పెట్టేవాళ్లు. కింద ఆదివారం తెచ్చిన పెద్దకూర ఉంది, ఒక్కపూటలో వండేయక్కర్లేదు, మర్నాటికి దాచుకోవచ్చు. ఊళ్లో ఏ ఫ్రిజ్‌లోనూ దానికి చోటు లేదు. ఆ డబ్బా మా వాళ్లకు విలాసం కాదు. మేం తక్కువ వాడాలని పాఠం చెప్పడానికి మీకు నోరెట్లా వస్తుంది? బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్. కరెంటు విధానం ఆయన చేతిలోనే ఉండేది. కరెంటు చవగ్గా, పుష్కలంగా దొరకాలని ఆయన వాదించింది పేదరికం పోవడానికే. ఆ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కనపడదు, అది వేరే భాగానికి సరిపడా ముచ్చట.

ఆ ఫ్రిజ్ ఇంకో రెండేళ్లో మూడేళ్లో చచ్చిపోతుంది. అప్పుడెక్కడికి పోతుంది? "పాత ఇనుప సామాన్లు కొంటం" అని అరుచుకుంటూ వచ్చే బండి ఎక్కుతుంది. నా మేనల్లుడు నగరం శివారులో అట్లాంటి స్క్రాప్ కొట్టులో పనిచేస్తాడు. ఒకరోజంతా వాడి పక్కన కూర్చున్నాను. ఫ్రిజ్‌ను బోర్లా వేస్తారు. కట్టింగ్ ప్లేయర్‌తో వెనక సన్న గొట్టం కత్తిరిస్తారు. బుస్సుమని ఒక్క చప్పుడు, అయిపోయింది. ఆ చప్పుడే గ్యాసు. బాగా పాత ఫ్రిజ్‌లలో ఆర్-12, అది ఓజోన్ పొరను తినేది, కార్బన్ డయాక్సైడ్ కంటే పది వేల రెట్లు వేడి పట్టి ఉంచేది. తర్వాతి వాటిలో ఆర్-134ఎ, అది వెయ్యి రెట్ల పైమాటే. అంటే నూరు గ్రాముల గ్యాసు వదిలితే నూరు కిలోల పైన కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. కొత్తరకం వాటిలో ఉండే గ్యాసు అంటుకుంటుంది. పక్కన గ్యాస్ కట్టర్ వెలుగుతుంటుంది, వాడి చేతికి గ్లౌజు కూడా ఉండదు. కంప్రెసర్ పగలగొడితే నూనె మట్టిలోకి. రాగి తీగ మీది పూత పోవడానికి మంట. గోడల్లోని పసుపు ఫోమ్‌ను కొనేవాడు లేడు కాబట్టి అది కూడా తెల్లవారుజామున మంటలోకే.

"నీకు దగ్గొస్తలేదారా?" అంటే, "అందరికొస్తది మామా, గదేం లెక్క" అన్నాడు.

ఆ కొట్టులో పది మంది ఉన్నారు. ఆరుగురు మాదిగ, మాల పిల్లలు, ముగ్గురు బస్తీ ముస్లిం పిల్లలు, ఒకరు బీహార్ నుంచి వచ్చిన అబ్బాయి. అతని కులం అడిగితే తలదించుకున్నాడు, నేను మళ్లీ అడగలేదు. చచ్చిన పశువును తీసే పని మా తాతలది. చచ్చిన యంత్రాన్ని తీసే పని మా పిల్లలది. దీనికి ఇంగ్లీషులో సర్క్యులర్ ఎకానమీ అని పేరు పెట్టారు. గుండ్రంగానే తిరుగుతోంది, తిరిగి తిరిగి మా గడపకే వస్తోంది.

చట్టం లేదా అంటే ఉంది. ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాలు 2022లో వచ్చాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. అమ్మిన కంపెనీయే పాతదాన్ని రీసైకిల్ చేయించాలి. 2025-26కి లక్ష్యం 70 శాతం. కంపెనీ చేయాల్సిందల్లా రీసైక్లర్ దగ్గర సర్టిఫికెట్ కొనుక్కోవడం. ఆ సర్టిఫికెట్ లెక్క బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము బరువు మీద నడుస్తుంది. నా మేనల్లుడి ఊపిరితిత్తులకు ఆ పట్టికలో గడి లేదు. కిలోకు కనీసం 22 రూపాయలు కట్టాలని కేంద్రం 2024లో అంటే, పెద్ద పెద్ద కంపెనీలు అది ఎక్కువని ఢిల్లీ హైకోర్టుకు పోయాయి. యాభై కిలోల ఫ్రిజ్‌కు 1,100 రూపాయలు. వాళ్ల ప్రకటనలో ఒక్క క్షణం ఖరీదు కాదది.

అవే నియమాల్లో ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ పైకి చదవరు. వ్యర్థాలు విప్పే, రీసైకిల్ చేసే కార్మికులను రాష్ట్ర కార్మిక శాఖ గుర్తించి నమోదు చేయాలి, సంఘాలుగా ఏర్పడటానికి సాయపడాలి, నైపుణ్య శిక్షణ ఇవ్వాలి, వాళ్ల ఆరోగ్యం, భద్రత ఏటా చూడాలి. మేనల్లుడిని అడిగాను, నిన్నెవరన్నా నమోదు చేశారా అని. కొట్టు యజమాని నోట్‌బుక్‌లో వాడి అడ్వాన్సు మాత్రం నమోదై ఉంది.

కాబట్టి మనం అడగాల్సింది ఐదు స్టార్ల ఫ్రిజ్ కొనమని ఉపన్యాసం కాదు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లలో నడుస్తున్న పాత ఫ్రిజ్ తీసుకుని కొత్తది ఇవ్వాలి, రాయితీ ఉన్న ఇంటికి కాదు, బిల్లు భయం ఉన్న ఇంటికి ముందు పోవాలి. సబ్సిడీ కరెంటు మిగిలేది ప్రభుత్వానికే కదా, ఆ డబ్బులోంచే ఇవ్వొచ్చు. ఎల్‌ఈడీ బల్బులు 36 కోట్లకు పైగా పంచిన దేశం ఇది, పంచడం చేతగాదని చెప్పకండి. తీసుకున్న పాతదాన్ని గ్యాసు పట్టే యంత్రం ఉన్న చోటే విప్పాలి. ఆ యంత్రం ముందు నిలబడే ఉద్యోగం ఇవాళ ప్లేయర్‌తో గొట్టం కోస్తున్న పిల్లలకే రావాలి, జీతంతో, ఈఎస్ఐతో. అక్కడ కూడా మమ్మల్ని తీసేసి డిప్లొమా ఉన్న వాళ్లను తెచ్చుకుంటామంటే ఊరుకోం.

జిల్లా కార్మిక శాఖకు సమాచార హక్కు దరఖాస్తు రాశాను. ఒకటే ప్రశ్న: మీ జిల్లాలో ఈ-వ్యర్థాల కార్మికులుగా ఎంతమందిని నమోదు చేశారు? సోమవారం పొద్దున పదకొండు గంటలకు ఇస్తున్నాం. రాగలిగిన విద్యార్థులు రండి. ఇంటి దగ్గర కరెంటు బిల్లులు ఉంటే, గీత దాటిన నెలవి, జిరాక్సు తీసి తెండి. వదిన కూడా వస్తానంది. ఆ రోజు జీతం కోస్తే కోయనీ అంది.