నాలుగు వందల గ్లాసులో బీరు ఎంత? కోల్‌కతా క్రాఫ్ట్ బీరు చెప్పే పన్నుల కథ

గ్లాసులో ముడిసరుకు పాతిక రూపాయలు దాటదు. మిగతాదంతా ఎవరికి పోతోంది? మనం తాగినా తాగకపోయినా ఈ ప్రశ్న ఎందుకు పట్టించుకోవాలి?

కోల్‌కతా ఎస్ప్లనేడ్‌లో, మెట్రో సినిమా పక్క సందులో 'ఛోటా బ్రిస్టల్' అనే బార్ ఉంది. 1872 నాటిది. అసలు పేరు షాస్ బార్. వెయిటర్ గ్లాసు బల్ల మీద పెట్టగానే డబ్బు చేతిలో పెట్టాలి. చివర్లో బిల్లు అనే మాటే లేదు. ఆఫీసు గుమాస్తా, కోర్టు ప్లీడరు, చిన్న దుకాణదారు ఒకే బల్ల చుట్టూ సర్దుకుని కూర్చుంటారు.

అక్కడి నుంచి ట్యాక్సీలో సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌కు వెళ్తే మరో లోకం. ఐటీ కంపెనీల నడుమ, అద్దాల వెనక రాగి రంగు ట్యాంకులు మెరిసే బ్రూపబ్‌లు. ఈ మధ్య అలాంటి ఒకదాంట్లో ఇద్దరు మిత్రులతో కూర్చున్నాను. 330 మిల్లీలీటర్ల క్రాఫ్ట్ బీరు నాలుగు వందల దగ్గర ఉంది. పైన పన్ను, ఆపైన సేవా రుసుము. తలా రెండు గ్లాసులు, రెండు ప్లేట్ల చిరుతిండి అయ్యేసరికి బిల్లు నాలుగు వేలకు చేరువైంది. "మన గచ్చిబౌలిలో మాత్రం తక్కువా?" అన్నాడు హైదరాబాద్ మిత్రుడు. నిజమే. గచ్చిబౌలిలోనూ, బెంగళూరు ఇందిరానగర్‌లోనూ ఇదే కథ.

బీరు ఖరీదైతే ఎవరికి నష్టం, తాగడం మానుకుంటే సరిపోతుంది కదా అనొచ్చు. అది ఒక సమాధానమే. కానీ ఈ గ్లాసు ధర లెక్క విప్పి చూస్తే, మన ప్రభుత్వాలు ఏ మద్యాన్ని చవగ్గా ఉంచుతున్నాయో, దేన్ని అందనీయకుండా చేస్తున్నాయో తెలుస్తుంది. దాని ఫలితం బ్రూపబ్‌లో కూర్చున్నవాడి కంటే, ఆ గడప ఎన్నడూ తొక్కని కూలీ మీదే ఎక్కువ.

కలకత్తా కోసమే పుట్టిన బీరు

ముందు ఒక చారిత్రక వింత. ఇవాళ ప్రపంచమంతా క్రాఫ్ట్ బీరుకు మారుపేరుగా నిలిచిన రకం 'ఇండియా పేల్ ఏల్', పొట్టిగా ఐపీఏ. ఈ పేరులోని ఇండియాకు ముఖ్య బజారు కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులే. 18వ శతాబ్దం చివర్లో తూర్పు లండన్‌లోని హాడ్జ్‌సన్ అనే తయారీదారు ఈస్టిండియా కంపెనీ ఓడల కెప్టెన్లకు అరువు మీద బీరు ఇచ్చేవాడు. వాళ్లు దాన్ని తెచ్చి ఇక్కడి తెల్లదొరలకు అమ్ముకునేవారు. 1820లలో బర్టన్ పట్టణానికి చెందిన ఆల్సాప్, ఆ తర్వాత బాస్ కంపెనీలు ఈ వ్యాపారంలోకి దిగి హాడ్జ్‌సన్‌ను వెనక్కి నెట్టాయి.

అంటే రెండు వందల ఏళ్ల కిందట నెలల తరబడి సముద్రం దాటి వచ్చిన బీరు కలకత్తాలో దొరల పానీయం. ఇప్పుడు అదే రకాన్ని కోల్‌కతాలోనే, బల్లకు పదడుగుల దూరంలో తయారు చేస్తున్నారు. ఓడ ఖర్చు పోయింది. అయినా అది దొరల పానీయంగానే మిగిలింది. పశ్చిమ బెంగాల్‌లో 2025–26కు ఉపాధి హామీ రోజు కూలి 260 రూపాయలు. ఒక గ్లాసు ధర దాన్ని దాటిపోయింది.

గ్లాసు లోపలి లెక్క

ఒక లీటరు మామూలు బీరుకు సుమారు 200 గ్రాముల మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, పడుతుంది. 330 మిల్లీలీటర్ల గ్లాసుకు 70 గ్రాములు. కిలో వంద రూపాయలు వేసుకున్నా ఏడు రూపాయలు. చేదు, పరిమళం ఇచ్చే హాప్స్ ఎక్కువగా విదేశాల నుంచే రావాలి. ఐపీఏ లాంటి ఘాటైన రకానికి గ్లాసుకు రెండు మూడు గ్రాములు పడుతుంది. కిలో నాలుగు వేలు అనుకున్నా పది పన్నెండు రూపాయలు. ఈస్ట్, నీళ్లు, కరెంటు కలిపినా మొత్తం పాతిక దాటడం కష్టం. మరి మిగతా మూడు వందల డెబ్బై అయిదు ఎక్కడికి పోతోంది?

యజమాని జేబులోకే అని తేలిగ్గా అనేయొచ్చు. కొంత నిజం కూడా. కానీ అసలు బరువు స్థిర ఖర్చులది. ఒక ఊహాలెక్క వేద్దాం. అద్దె, జీతాలు, లైసెన్సు ఫీజులు, ట్యాంకుల కోసం చేసిన అప్పు వాయిదాలు కలిపి నెలకు 30 లక్షలు అనుకుందాం. నెలకు 6 వేల లీటర్లు అమ్మితే లీటరుకు 500 రూపాయలు, గ్లాసుకు 165 పడుతుంది. 12 వేల లీటర్లు అమ్మగలిగితే అదే ఖర్చు గ్లాసుకు 83కు దిగుతుంది. కాబట్టి ధర తగ్గాలంటే ఎక్కువ అమ్మాలి. చిక్కంతా అక్కడే.

శుక్ర, శనివారాలు తప్ప మిగతా రోజుల్లో సగం కుర్చీలు ఖాళీ. ఏల్ రకం బీరు సిద్ధం కావడానికి సుమారు రెండు వారాలు, లాగర్‌కు నెలకు పైగా పడుతుంది. అన్నాళ్లూ ట్యాంకు బందీ. చాలా రాష్ట్రాల్లో మైక్రోబ్రూవరీ బీరును ఆ ఆవరణలోనే అమ్మాలి. సీసాల్లో నింపి పక్క బార్‌కో, వైన్ షాపుకో పంపడానికి వీల్లేదు. ఉత్పత్తికి పరిమితి, అమ్మకానికి గోడలు, ఫీజులు మాత్రం ముందే కట్టాలి. పెద్ద ఫ్యాక్టరీకి లైసెన్సు ఫీజు లక్షల సీసాల మీద చెదిరిపోతుంది. చిన్నవాడికి కొన్ని వేల గ్లాసుల మీదే పడుతుంది.

తిరిగిరాని జీఎస్టీ

రెండో బరువు కంటికి కనిపించదు. 2016లో 101వ రాజ్యాంగ సవరణతో జీఎస్టీకి దారి పడినప్పుడు తాగే మద్యాన్ని దాని పరిధి నుంచి తప్పించారు. 366వ అధికరణంలోని జీఎస్టీ నిర్వచనంలోనే ఆ మినహాయింపు ఉంది. కారణం తెలిసిందే. రాష్ట్రాల చేతిలో తమంతట తాము పెంచుకోగల పెద్ద ఆదాయ వనరులు మిగిలింది కొన్నే. మద్యం, పెట్రోలు, డీజిలు, రిజిస్ట్రేషన్లు. పారిశ్రామిక ఆల్కహాలుపై అధికారం కూడా రాష్ట్రాలదేనని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 8–1 మెజారిటీతో చెప్పింది. ఆ పట్టు ఇప్పట్లో సడలదు.

దీని పర్యవసానం బ్రూపబ్ లెక్కల పుస్తకంలో కనిపిస్తుంది. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ తన అద్దె మీద, మిషన్ల మీద కట్టిన జీఎస్టీని అమ్మకం పన్నులో మినహాయించుకుంటుంది. బీరు తయారుచేసేవాడికి ఆ వెసులుబాటు లేదు. కొనుగోళ్ల మీద జీఎస్టీ, అమ్మకాల మీద రాష్ట్రం పన్ను. ఒకదానికి మరొకటి చెల్లదు. కట్టిన జీఎస్టీ అంతా ఖర్చుగా మారి, దాని మీద ఎక్సైజ్, వ్యాట్ మళ్లీ పడతాయి. పన్ను మీద పన్ను ఉండకూడదని తెచ్చిన విధానం ఈ గడప దగ్గర ఆగిపోయింది.

మూడో బరువు సరిహద్దులది. మద్యానికి దేశం ఒకటే మార్కెట్ కాదు. ప్రతి రాష్ట్రంలో లేబుల్ విడిగా నమోదు కావాలి. క్రాఫ్ట్ తరహా బీరును సీసాల్లో దేశమంతా అమ్మబోయిన బీరా 91 అనుభవం చాలు. 2022 డిసెంబరులో దాని మాతృసంస్థ బీ9 బెవరేజెస్ తన పేరులోంచి 'ప్రైవేట్' అనే ఒక్క మాట తీసేసింది. దాంతో రాష్ట్రాల వారీగా లేబుళ్లు మళ్లీ నమోదు చేయించాల్సి వచ్చి, నెలల తరబడి అమ్మకాలు దెబ్బతిన్నాయి. సుమారు 80 కోట్ల రూపాయల సరుకు పనికిరాకుండా పోయింది. 2023–24లో ఆ కంపెనీ ఆదాయం 638 కోట్లు, నష్టం 748 కోట్లు. నష్టమంతటికీ ఆ ఒక్క మాటే కారణం కాదు. అయినా ఒక్క మాట తీసేస్తే ఇంత గొడవయ్యే చోట చిన్న తయారీదారు పొరుగు రాష్ట్రానికి వెళ్లే ధైర్యం చేయడు.

సీసా ధర సర్కారుది, గ్లాసు ధర బార్‌ది

ధర ఎవరు నిర్ణయిస్తారన్నది మరో ప్రశ్న. పశ్చిమ బెంగాల్‌లో 2017 నుంచి మద్యం టోకు వ్యాపారం ప్రభుత్వ కార్పొరేషన్ చేతిలో ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ అంతే. తయారీదారుకు ఎంత ఇవ్వాలో, సీసా ఎంతకు అమ్మాలో సర్కారే చెబుతుంది. లాక్‌డౌన్ రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో బెంగాల్ మద్యంపై అదనంగా 30 శాతం పన్ను వేసింది. 2021 నవంబరులో సుంకాల విధానం మార్చి ధరలు తగ్గించింది. తెలంగాణలో 2025 జనవరిలో ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. అయిదేళ్లుగా తమకిచ్చే ధర పెంచలేదని, బకాయిలు పేరుకుపోయాయని కింగ్‌ఫిషర్ తయారీదారు యునైటెడ్ బ్రూవరీస్ సరఫరా ఆపేసింది. కొద్ది రోజులకే మళ్లీ మొదలుపెట్టింది. ఫిబ్రవరి 11 నుంచి తయారీదారులకిచ్చే ధరను ప్రభుత్వం 15 శాతం పెంచింది. ఆ భారం చివరికి తాగేవాడి మీదే పడింది.

బార్‌లోకి వస్తే లెక్క మారిపోతుంది. హోటళ్లు, రెస్టారెంట్లు సరుకుతో పాటు సేవ కూడా అందిస్తాయి కాబట్టి నీళ్ల సీసాను ఎంఆర్‌పీ కంటే ఎక్కువకు అమ్మొచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. అక్కడే తయారైన క్రాఫ్ట్ బీరుకైతే ఎంఆర్‌పీ ముద్రించిన సీసాయే లేదు. పోల్చుకోవడానికి వినియోగదారుకు ఆధారం ఉండదు. 'పింట్' అన్న మాటే తీసుకోండి. బ్రిటన్‌లో పింట్ అంటే చట్ట ప్రకారం 568 మిల్లీలీటర్లు. మన దగ్గర 330 మిల్లీలీటర్ల సీసాను పింట్ అంటారు. మెనూలో పింట్ అని ఉంటే ఎంత పోస్తారో గ్లాసు వచ్చాకే తెలుస్తుంది.

బిల్లులో చూసుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. అయిదు శాతం జీఎస్టీ తిండికి వర్తిస్తుంది, మద్యానికి కాదు. సేవా రుసుమును తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. ఇష్టం లేకపోతే తీసేయమని అడగొచ్చు.

అసలు నష్టం ఎవరికి?

ఇప్పుడు అసలు విషయం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరు విధానంతో 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. 180 మిల్లీలీటర్లలో 42.8 శాతం, అంటే సుమారు 77 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు. మిల్లీలీటరుకు రూపాయి ముప్పై పైసలు. 650 మిల్లీలీటర్ల, 5 శాతం బీరు 150 రూపాయలు అనుకుంటే మిల్లీలీటరుకు నాలుగున్నర. 400 రూపాయల క్రాఫ్ట్ గ్లాసులో 16.5 మిల్లీలీటర్లు, ఒక్కోదానికి 24 రూపాయలు. షాపుకూ బార్‌కూ తేడా ఉంటుంది, ఒప్పుకుందాం. అయినా దిశ స్పష్టం. తక్కువ ఖర్చుతో మత్తెక్కాలనుకునేవాణ్ని మన ధరలు నేరుగా హార్డ్ లిక్కర్ వైపు, బీరులోనైతే స్ట్రాంగ్ బీరు వైపు తోస్తున్నాయి.

ఆ వరసలో కింది మెట్టు నాటుసారా. 2011 డిసెంబరులో కోల్‌కతాకు ఎంతో దూరంలో లేని సంగ్రామ్‌పూర్ చుట్టుపక్కల కల్తీ సారా తాగి 170 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది రోజు కూలీలు, రిక్షావాళ్లు, తోపుడుబండ్లవాళ్లు.

మద్యం మీద పన్ను తగ్గించమంటారా అని అడిగే హక్కు తెలుగు పాఠకులకు ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా వ్యతిరేక ఉద్యమానికి దారి చూపారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఖజానా ఒత్తిడికి నిషేధం ఎత్తేశారు. ఆ చరిత్ర మరచి బీరు చవగ్గా పోయండి అనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మొత్తం పన్ను తగ్గనక్కర్లేదు. అది ఎక్కడ పడుతుందన్నదే మారాలి.

బ్రిటన్ 2023 ఆగస్టు నుంచి మద్యాన్ని అందులోని ఆల్కహాలు శాతాన్ని బట్టి పన్ను వేసే పద్ధతికి మారింది. చిన్న తయారీదారులకు, పబ్బుల్లో పీపాల నుంచి పోసే బీరుకు రాయితీలు ఇచ్చింది. అమెరికాలో చిన్న బ్రూవరీ తొలి 60 వేల బ్యారెళ్లకు బ్యారెల్‌కు మూడున్నర డాలర్ల ఫెడరల్ సుంకం కడుతుంది. పెద్ద కంపెనీలకు అది 16 డాలర్లు, ఆపైన ఇంకా ఎక్కువ. మన దగ్గర ముందుగా కట్టాల్సిన ఫీజుల వల్ల దీనికి తలకిందులు. చిన్నవాడికే లీటరుకు భారం ఎక్కువ.

రాష్ట్రాలు చేయదగ్గవి మూడున్నాయి. సుంకాన్ని ఆల్కహాలు మోతాదును బట్టి వేయడం. లైసెన్సు ఫీజును తయారు చేసిన లీటర్లకు ముడిపెట్టడం. ప్రతి మెనూలో మిల్లీలీటర్లు, ఆల్కహాలు శాతం, అన్ని పన్నులతో కలిపిన ధర రాయించడం. మూడోదానికి ఖజానాకు పైసా ఖర్చు లేదు. మొదటి రెండూ చేస్తే స్ట్రాంగ్, హార్డ్ లిక్కర్ ధరలు పెరగాల్సి వస్తుంది. ఓట్ల లెక్కలో ఆ నిర్ణయం తీసుకునే ధైర్యం ఏ ప్రభుత్వానికుంది? అందుకే సెక్టార్ ఫైవ్ గ్లాసు నాలుగు వందల దగ్గరే ఉంటుంది, క్వార్టర్ వందలోపే ఉంటుంది.