రాయితీ ఆగితే రెక్కలు ఆగుతాయా? కడప విమానం నేర్పిన లెక్క

కడప: రాష్ట్రంలో చిన్న విమానాశ్రయాల మాట మళ్లీ జోరుగా వినిపిస్తున్నది. కుప్పం, దగదర్తి, ఒంగోలు, పలాస అంటూ ప్రతిపాదనలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. పొరుగున తెలంగాణలో వరంగల్ సమీపంలోని మామునూరుకు 2025లో కేంద్రం అనుమతి లభించింది. అదే ఏడాది ఫిబ్రవరి 1న కేంద్ర ఆర్థిక మంత్రి పార్లమెంటులో బడ్జెట్ ప్రవేశపెడుతూ ఉడాన్ పథకాన్ని సవరించి, పదేళ్లలో 120 కొత్త ఊళ్లకు విమానాలు నడిపి 4 కోట్ల మందిని అదనంగా ఎక్కిస్తామని ప్రకటించారు. వినడానికి యిది బాగానే వున్నది. అయితే ఈ ముచ్చట కడప జిల్లా వాసులకు కొత్తది కాదు. ఇక్కడికి విమానం వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఎందుకు వచ్చింది, ఎందుకు పోయింది అన్న లెక్క చూసుకుంటే తక్కిన ఊళ్లవారికీ పనికివస్తుంది.

కడప విమానాశ్రయాన్ని బాగుచేసి 2015 జూన్ 7న ప్రారంభించారు. నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, కేంద్ర పౌర విమానయాన మంత్రి అశోక్ గజపతిరాజు ఆ కార్యక్రమానికి విచ్చేశారు. ఆరోజు బెంగళూరు నుంచి వచ్చిన విమానం ఎయిర్ పెగాసస్ వారిది. ఆ కంపెనీ 2015 ఏప్రిల్‌లో పుట్టింది, 2016 జూలైలో మూతపడింది. అంటే పట్టుమని పదహారు నెలలు కూడా బతకలేదు. అద్దెకు తెచ్చిన విమానాలకు అద్దె కట్టలేకపోవడమే దాని ప్రాణం తీసింది.

దాని తరువాత కడపకు విమాన సర్వీసు అంటే ట్రూజెట్ అన్న పేరు స్థిరపడింది. టర్బో మేఘా ఎయిర్‌వేస్ అనేది కంపెనీ అసలు పేరు. హైదరాబాద్ దాని స్థావరం. 2015 జూలై 12న హైదరాబాద్ నుంచి తిరుపతికి, రాజమండ్రికి సర్వీసులతో ప్రారంభమైంది. సినీ నటుడు రామ్‌చరణ్ డైరెక్టరుగా, ప్రచారకర్తగా వుండడంతో మొదట్లో జనం దీన్ని 'చరణ్ విమానం' అనుకునేవారు. తరువాత మేఘా ఇంజనీరింగ్ గ్రూపు కిందికి వచ్చింది. తెలుగువారి పెట్టుబడితో, తెలుగు ఊళ్ల మధ్య తిరిగే విమాన కంపెనీ ఒకటి వెలిసిందని అప్పట్లో అందరూ సంతోషించారు.

ఏటీఆర్ అంటే ఏమిటి?

ఈ కంపెనీ వాడింది ఏటీఆర్ 72 రకం విమానాలు. ఫ్రాన్సులో తయారవుతాయి. రెక్కల కింద రెండు పెద్ద పంఖాలు తిరుగుతూ కనిపిస్తాయి. సుమారు 70 సీట్లు, అంటే ఒకటిన్నర ఆర్టీసీ బస్సు జనం. జెట్ విమానం కంటే నెమ్మది. కాని 300, 400 కిలోమీటర్ల దూరంలో ఆ తేడా పది, పదిహేను నిమిషాలకు మించదు. ఇంధనం మాత్రం బాగా తక్కువ తాగుతుంది. చిన్న రన్‌వే మీద దిగగలదు. కడప రన్‌వే మొదట సుమారు రెండు కిలోమీటర్లే గనుక దానికి ఈ విమానమే సరిపోయింది. ఎనభై సీట్లలోపు విమానాలకు విమానాశ్రయాల ప్రాధికార సంస్థ దిగుబడి రుసుము వసూలు చేయదు. ఇంధనంపై అమ్మకపు పన్ను కూడా పెద్ద జెట్లకు వున్నంత లేదు. ఇన్ని సౌకర్యాలు వున్నాయి గనుకనే చిన్న కంపెనీలు పుట్టినప్పుడల్లా ఏటీఆర్ వైపే మొగ్గుతాయి. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టింది కూడా ఈ కుటుంబంలోని చిన్న విమానాలతోనే. హైదరాబాద్ నుంచి విజయవాడకు దాని ప్రారంభ సర్వీసు బేగంపేటలో బయలుదేరబోతుండగా ఇంజనులో మంటలు లేచిన సంగతి, అందులో వెంకయ్య నాయుడు వంటి పెద్దలు వున్న సంగతి పాతతరం పాఠకులకు గుర్తుండే వుంటుంది. అయినా ఆ కంపెనీ నిలబడి అయిదు వందలకు, ఒక దశలో ఒక్క రూపాయికి కూడా టిక్కెట్లు అమ్మింది. చివరకు కింగ్‌ఫిషర్‌లో కలిసిపోయింది. ఆ కింగ్‌ఫిషర్ 2012లో మూతపడింది.

ఇక ఉడాన్ సంగతి. 2016 అక్టోబరులో కేంద్రం ఈ పథకాన్ని తెచ్చింది. 2017 మార్చిలో తొలి విడతగా అయిదు కంపెనీలకు 128 మార్గాలు కేటాయించగా అందులో ట్రూజెట్ ఒకటి. 2017 ఏప్రిల్ 27న ప్రధాని మోదీ సిమ్లాలో సిమ్లా-ఢిల్లీ సర్వీసును ప్రారంభిస్తూ, అక్కడి నుంచే కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్ సర్వీసులకు కూడా పచ్చజెండా వూపారు. ఆ రెండూ ట్రూజెట్ విమానాలే. దేశం మొత్తంమీద ఉడాన్ ప్రారంభ దినాన ఎగిరిన మూడు సర్వీసుల్లో కడప ఒకటి కావడం జిల్లాకు దక్కిన గౌరవమే.

తరువాత కంపెనీ చకచకా పెరిగింది. కడప నుంచి చెన్నైకి, విజయవాడకు సర్వీసులు వేసింది. బళ్లారి దగ్గరి విద్యానగర్, మైసూరు, సేలం, బీదర్ వంటి ఊళ్లకు వెళ్లింది. అహ్మదాబాద్‌ను రెండో స్థావరంగా చేసుకుని కాండ్లా, పోర్‌బందర్, జలగావ్, జైసల్మేర్ దాకా రెక్కలు చాచింది. రెండు విమానాలతో మొదలైన సంస్థ ఇంతదూరం పోవడం చిన్న విషయం కాదు. కాని హైదరాబాద్ కంపెనీ జైసల్మేర్‌కు విమానం నడపడం వ్యాపారపు బలమా, రాయితీ ఎక్కడ వుంటే అక్కడికి పోవడమా అనేది ఆలోచించవలసిన విషయం.

టిక్కెట్టు 2,500, మిగతాది ఎవరిది?

ఉడాన్ లెక్క ఇలా వుంటుంది. గంట ప్రయాణానికి, అంటే సుమారు 500 కిలోమీటర్లకు, టిక్కెట్టు 2,500 రూపాయలకు మించరాదని మొదట్లో నిర్ణయించారు. విమానంలో సగం సీట్లు ఈ ధరకు ఇవ్వాలి. తక్కిన సగం కంపెనీ తన ఇష్టం వచ్చిన ధరకు అమ్ముకోవచ్చు. చౌక సీట్ల మీద వచ్చే నష్టాన్ని మూడేళ్లపాటు ప్రభుత్వం భరిస్తుంది. ఎవరు తక్కువ నష్టపరిహారం అడుగుతారో వారికే మార్గం, ఆ మూడేళ్లూ ఆ మార్గంలో వేరే కంపెనీ రాకూడదు. పరిహారంలో 80 శాతం కేంద్రం, 20 శాతం రాష్ట్రం పెట్టుకుంటాయి. కేంద్రం వాటాకు పైకం వచ్చేది పెద్ద మార్గాల్లో తిరిగే విమానాల మీద వేసిన సుంకం నుంచి. రాష్ట్రం ఇంకా ఇంధనంపై వ్యాట్‌ను ఒక శాతానికి తగ్గించాలి, పోలీసు బందోబస్తు, ఫైరింజన్ ఉచితంగా ఇవ్వాలి.

పాఠకులకు అర్థం కావడానికి ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక ట్రిప్పుకు ఖర్చు 2 లక్షలు అనుకుందాం. 35 మంది చౌక టిక్కెట్టు వారు ఎక్కితే వచ్చేది 87,500. తక్కిన 35 సీట్లలో 15 మాత్రమే 3,000 చొప్పున అమ్ముడైతే మరో 45,000. మొత్తం 1,32,500. లోటు 67,500. చౌక సీటుకు 2,000 చొప్పున సర్కారు ఇస్తే 70,000 వచ్చి లోటు తీరి పైన 2,500 మిగులుతుంది. ఆ పైకం ఆగిపోయిన నాడు అదే 50 మంది ఒక్కొక్కరు 4,000 ఇస్తే తప్ప ఖర్చులు రావు. రాత్రికి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారేసరికి హైదరాబాద్‌లో దిగే మనిషి, ఒక్క గంట కోసం అంత ఇస్తాడా? కొందరు ఇస్తారు. రోజూ యాభైమంది ఇస్తారా అన్నదే ప్రశ్న.

ఎవరు ఎక్కారు అన్నది కూడా చూడాలి. ఎర్రగుంట్ల ప్రాంతపు సిమెంటు ఫ్యాక్టరీల అధికారులు, మంగంపేట ముగ్గురాయి వ్యాపారులు, హైకోర్టు పనులవారు, రాజకీయ నాయకులు, ఆస్పత్రులకు పోయే స్తోమత గల రోగులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బిడ్డలను చూడబోయే తల్లిదండ్రులు ఇటువంటి విమానానికి సహజమైన ప్రయాణికులు. ప్రొద్దుటూరు బంగారు, బట్టల వ్యాపారులకు ముంబై పని ఎక్కువ. వారికి హైదరాబాద్‌లో దిగి విమానం మారడం కంటే ముంబై రైలే తేలిక. ఉమ్మడి కడప జిల్లా నుంచి విమానం ఎక్కేవారిలో అత్యధికులు ఎవరంటే నిస్సందేహంగా కువైట్ పోయేవారే. రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు ప్రాంతాల్లో కువైట్‌లో మనిషి లేని వీధి అరుదు. ఈ జనాన్ని కడప విమానం ఆకర్షించలేకపోయింది. కారణం సామాన్లు. గల్ఫ్ విమానంలో 30 కిలోలకు పైగా తీసుకుపోనిస్తారు. దేశంలో తిరిగే చౌక సర్వీసుల్లో మామూలుగా 15 కిలోలే ఉచితం. పచ్చళ్లు, కారంపొడి, సున్నిపిండి మూటగట్టుకుని పోయే మనిషి ఆ అదనపు బరువుకు కట్టే డబ్బుతో ఊరి నుంచి చెన్నైకి కారులో భాగం పంచుకోవచ్చు. చెన్నైకి ఆయన ఇంటి గుమ్మంలో ఎక్కి విమానాశ్రయం గుమ్మంలో దిగుతాడు. ఈ సంగతి పథకం రాసిన పెద్దలకు తట్టినట్టు లేదు.

పెద్ద కంపెనీల పోటీ మరో వైపు. హైదరాబాద్-తిరుపతి, హైదరాబాద్-రాజమండ్రి వంటి జనం గల మార్గాల్లో ఉడాన్ రక్షణ లేదు. స్పైస్‌జెట్ అక్కడ వుండనే వుంది. 2017 చివర్లో ఇండిగో కూడా ఏటీఆర్‌లు కొని దిగింది. లాభం వచ్చే మార్గంలో పెద్దవాడితో పోటీ, పోటీ లేని మార్గంలో జనం కొరత. మధ్యలో చిన్న కంపెనీ నలిగింది. ఒక విమానం మరమ్మతుకు పోతే పెద్ద కంపెనీ మరొకటి పంపగలదు. అయిదారు విమానాలున్న కంపెనీకి అది సాధ్యం కాదు. ఒకచోట రద్దయితే ఆరోజు నాలుగు ఊళ్లలో రద్దవుతుంది. రెండుసార్లు రద్దయిన విమానాన్ని మూడోసారి నమ్మి ఆస్పత్రికి ఎవరు బయలుదేరతారు?

దీనికి తోడు కరోనా వచ్చింది. 2020 మార్చి 25 నుంచి మే 25 వరకు దేశంలో విమానాలన్నీ నేలమీదే వున్నాయి. విమానం ఎగరకపోయినా అద్దె ఆగదు. కడప, నాందేడ్ తొలి మార్గాలకు మూడేళ్ల గడువు దగ్గరపడింది కూడా సరిగ్గా అప్పుడే. జీతాలు సరిగా రావడం లేదన్న ఉద్యోగుల గోడు పత్రికల్లో వచ్చింది. 2022 ఫిబ్రవరి మొదటి వారంలో ట్రూజెట్ సర్వీసులు ఆగిపోయాయి. తాత్కాలికమే అని కంపెనీ చెప్పుకుంది గాని ఆ విమానాలు మళ్లీ లేవలేదు.

ఇది ఒక్క కంపెనీ అసమర్థత అని కొట్టిపారేయడం న్యాయం కాదు. 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక చూస్తే సంగతి తేటతెల్లమవుతుంది. ఉడాన్ మూడో విడత వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు ప్రారంభమే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల గడువు పూర్తి చేసినవి 112. గడువు తరువాత కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. అంటే నూటికి ఏడు. తొలి విడతలో మార్గాలు పొందిన అయిదు కంపెనీల్లో ఎయిర్ ఒడిశా, పేరు మళ్లీ బతికించుకున్న ఎయిర్ డెక్కన్ కూడా నిలబడలేదు. అంతకు ముందు 1981లో ప్రభుత్వమే వాయుదూత్ పెట్టి 19 సీట్ల డోర్నియర్లతో చిన్న ఊళ్లన్నీ తిరిగింది. నష్టాలు పేరుకుపోయి 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. పేర్లు మారాయి, విమానాలు మారాయి, జబ్బు అదే.

ఎవరి ఖజానా?

ట్రూజెట్ ఆగిన తరువాత 2022 మార్చి నెలాఖరున కడపకు ఇండిగో వచ్చింది. అదీ ఉత్తినే రాలేదు. రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి నష్టపరిహారం ఇచ్చే ఒప్పందం మీద వచ్చింది. అంతకు ఏడాది ముందు, 2021 మార్చిలో, కర్నూలు దగ్గర ఓర్వకల్లులోనూ ఇండిగోతోనే సర్వీసులు మొదలుపెట్టారు. కేంద్రం పరిహారం ఆగితే రాష్ట్రం ఇచ్చింది. రెండూ ప్రజల డబ్బే.

ఈ విలేఖరి ఉద్దేశం విమానం వద్దని కాదు. ఆర్టీసీ పల్లె బస్సు కూడా నష్టంలోనే నడుస్తుంది. అయినా దాన్ని ఆపమని ఎవరూ అనరు. విమానం వల్ల జిల్లాకు డాక్టరు వస్తాడు, పెట్టుబడి పెట్టేవాడు వస్తాడు అనే వాదనలో నిజం లేకపోలేదు. అయితే పల్లె బస్సులో నష్టం ఎంతో, ఎవరు ఎక్కుతున్నారో డిపోలో అడిగితే తెలుస్తుంది. విమానానికి సీటుకు ఎంత ఇస్తున్నారు, నెలకు ఎంతమంది ఎక్కారు, ఎన్ని ట్రిప్పులు రద్దయ్యాయి అన్న వివరం కూడా జిల్లా పరిషత్ సమావేశంలోనో, కలెక్టరేట్ నోటీసు బోర్డు మీదనో పెట్టాలి. మూడేళ్ల గడువును మొదటి రోజే చూసుకుని, నాలుగో ఏడాదికి ఏమి చేస్తారో ఒప్పందంలోనే రాయించుకోవాలి.

చేయగల చిన్న పనులు మరికొన్ని వున్నాయి. గల్ఫ్ టిక్కెట్టు చూపినవారికి 30 కిలోలు అనుమతించాలని, ఆ తేడా కూడా పరిహారంలో కలపాలని రాష్ట్రం షరతు పెట్టవచ్చు. చెన్నై, హైదరాబాద్‌లలో కువైట్ విమానం వేళకు అందేలా కడప విమానం వేళ కుదర్చవచ్చు. విమానాశ్రయం పట్టణానికి పది, పన్నెండు కిలోమీటర్ల దూరంలో వుంది. విమానం దిగేవేళకు రాయచోటి, రాజంపేట, ప్రొద్దుటూరులకు ఒక్కొక్క ఆర్టీసీ బస్సు గేటు దగ్గర నిలబెడితే, విమానం టిక్కెట్టులో సగం ఆటోకే పెట్టవలసిన అవసరం వుండదు.