ఆసుపత్రి జీతములు – వృద్ధుల వైద్యవ్యయము

ఇంటిలోని వృద్ధులకు జబ్బుచేసి పట్టణమునకు గొనిపోయిన రైతు, ఆసుపత్రివారిచ్చిన బిల్లు చూచి, ఇంతమంది సిబ్బందిని పోషించుటకే యీ సొమ్మంతయు పోవుచున్నదని విచారించుట కద్దు. సిబ్బంది జీతములు తగ్గినచో రోగికి వ్యయము తగ్గునను నమ్మకము మన గ్రామములందు గట్టిగా నాటుకొనియున్నది. ఈ నమ్మకము సరియైనది కాదనియు, వృద్ధుల విషయమున మిక్కిలి హానికరమనియు మా యభిప్రాయము. సహకార సంఘముల సభ్యులు దీనిని నిదానముగా విచారింపవలెనని కోరుచున్నాము.

మొదట లెక్కలు చూతము. 2017–18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారము, కాన్పులు గాక, ఒకమారు ఆసుపత్రిలో చేరినందుకు రోగికైన సగటు వైద్యవ్యయము ప్రభుత్వ వైద్యశాలలో 4,452 రూపాయలు. ప్రైవేటు ఆసుపత్రిలో 31,845 రూపాయలు. స్థిరోద్యోగము గల ప్రభుత్వ నర్సు జీతమో, చిన్న ప్రైవేటు ఆసుపత్రి నర్సు జీతముకంటె మిక్కిలి హెచ్చు. అనగా నర్సుకు ఎక్కువ ముట్టుచోట రోగి చెల్లించునది తక్కువగా నున్నది. ప్రభుత్వ వైద్యశాలలో జీతములు మన పన్నులనుండియే పోవుచున్నవనుట నిజమే. అయినను బిల్లును పెంచునది నర్సు జీతమొక్కటియే కాదని యిందువలన తేటపడుచున్నది. కట్టడపు అద్దె, యంత్రముల ఖరీదు, అప్పులపై వడ్డీ, మందులు, పరీక్షలు, యజమాని లాభము – ఇవన్నియు నందులో చేరియున్నవి.

వృద్ధరోగి సంగతి వేరు. పడుచువానికి శస్త్రచికిత్స ముగిసినచో సగము పని ముగిసినట్లే. తుంటియెముక విరిగిన ముదుసలికిని, పక్షవాతము వచ్చిన వృద్ధునికిని అసలు పని యటుపిమ్మట మొదలగును. రెండేసి గంటలకొకమారు ప్రక్కకు తిప్పవలెను, కూర్చుండబెట్టి తినిపింపవలెను, చేయిపట్టి నాలుగడుగులు నడిపింపవలెను, రాత్రివేళ మతితప్పి మంచము దిగకుండ కనిపెట్టవలెను. ఇది యంతయు మనిషి చేతిపని. ఎకరము నాటుటకు పదిమంది కావలసినచోట నలుగురిని దింపి, కూలి మిగిలినదని సంతసించు రైతు గలడా? నారు ముదిరిన నష్టము కోతనాడు తెలియును.

ఆసుపత్రిలో మిగిల్చిన జీతమును మనము మరియొకచోట చెల్లించుచున్నాము. తిప్పువారు లేక పడకపుండ్లు పడిన వృద్ధుడు మరికొన్నాళ్లు ఆసుపత్రిలోనే యుండవలసి వచ్చును. ఇంటికి పోయినను మరల రావలసి వచ్చును. నర్సు చేయవలసిన పనికి కొడుకో కోడలో సేద్యము విడిచి మంచము ప్రక్క కూర్చుండును. ఆ పోయిన కూలి, పూటకూళ్ల ఖర్చు, బస్సు చార్జీలు ఏ బిల్లులోను కానరావు. జీతము చాలని నర్సు పని నేర్చుకొనులోగానే వేరొక చోటికి తరలిపోవును. రోగి క్రొత్తచేతులలో పడును. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు ఆసుపత్రులను పరిశీలించి 2002లో ప్రకటించిన పరిశోధనమున, ఒక్కొక్క నర్సుకు అదనముగా ఒక రోగి చేరిన కొలది, శస్త్రచికిత్స జరిగినవారు 30 దినములలోపల మరణించు అపాయము నూటికి 7 వంతున హెచ్చుగా కనబడినది. దేశము వేరైనను, మంచముపట్టిన మనిషికి కావలసిన సేవ వేరు కాదు.

జీతము పెంచినచో భారమెంత? సుప్రీంకోర్టు 2016 జనవరిలో నిచ్చిన ఆదేశము ననుసరించి కేంద్రము నియమించిన నిపుణుల సంఘము, 200 పడకలకు మించిన ప్రైవేటు ఆసుపత్రులలో నర్సులకు రాష్ట్రప్రభుత్వ జీతముతో సమానముగా నీయవలెననియు, 50 పడకలలోపు వానిలో సైతము నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదనియు సిఫారసు చేసినది. కేరళ ప్రభుత్వము 2018లో ఆ 20,000 రూపాయలను కనీస వేతనముగా ప్రకటించినది. ఉదాహరణకు, 12,000 పొందుచున్న నర్సుకు 20,000 ఇచ్చితిమనుకొందము. ఆరు పడకలను ఒక నర్సు చూచినచో, మూడు పూటలకును సెలవులకును కలిపి నలుగురు కావలెను. నెలకు పెరిగినది 32,000 రూపాయలు. ఆరు పడకలు ముప్పది దినములనగా 180. కనుక పడకకు దినమునకు 178 రూపాయలు. ఐదు దినములున్న రోగికి 890 రూపాయలు. పడకలు సగమే నిండినను దీనికి రెట్టింపు. మంచము ప్రక్క కనిపెట్టుకొని యుండు కొడుకు పోగొట్టుకొను కూలితో దీనిని పోల్చి చూడుడు.

జీతము ఎంత యనుటయే గాక, ఎట్లు ఇచ్చుచున్నారనుటయు వ్యయమును మార్చును. వైద్యునికి నెలజీతము గాక, వ్రాసిన పరీక్షలను, చేసిన శస్త్రచికిత్సలనుబట్టి వాటా యిచ్చుచోట అవి పెరుగుట సహజము. వృద్ధునికి నాలుగు జబ్బులుండును గనుక నాలుగు పరీక్షలకు సాకు దొరకును. రోగిని పంపినందుకు కమీషను పుచ్చుకొనుటను భారత వైద్యమండలి 2002 నాటి నియమములే నిషేధించినవి.

2024 అక్టోబరులో కేంద్రప్రభుత్వము డెబ్బది యేండ్లు నిండినవారికెల్ల, ఆదాయముతో నిమిత్తము లేకుండ, కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయలవరకు ఆయుష్మాన్ భారత్ క్రింద చికిత్సను కల్పించినది. సంతోషమే. అయితే యిట్టి పథకములందు ఒక్కొక్క చికిత్సకు ఇంత యని ముందే నిర్ణయింతురు. జీతములును అందులోనుండియే రావలెను. 2025లో బకాయిల కారణమున రెండు తెలుగు రాష్ట్రములందును ప్రైవేటు ఆసుపత్రులు పథకపు సేవలను నిలిపివేసినవి. రావలసిన సొమ్ము రానిచోట సిబ్బంది జీతములు క్రమముగా నందునని యెట్లు నమ్మగలము?

ఇందు సహకార సంఘములు చేయదగినది గలదు. కర్ణాటకమున 2003లో సహకార సంఘముల రైతులకై యశస్విని పథకము నెలకు 5 రూపాయల చందాతో మొదలైనది. అది 2018లో వేరొక ప్రభుత్వ పథకమున కలిసిపోయి, 2022లో పునరుద్ధరింపబడినది. రైతులు లక్షలకొలది కూడినపుడు, నిర్ణయించిన ధరకు శస్త్రచికిత్స చేయుటకు ఆసుపత్రులు ఒప్పుకొనినవి. ధరను గురించి అడుగగలిగినవారు సేవను గురించి అడుగలేరా?

కావున ఏ యాసుపత్రినైనను సభ్యులకు సూచించుటకు ముందు, ప్రతి సంఘపు పాలకవర్గము మూడు ప్రశ్నలు వేయవలెనని మా సూచన. రాత్రిపూట ఒక్కొక్క నర్సుకు ఎందరు రోగులు? నర్సులకును ఆయాలకును జీతమెంత, అది నెలనెల అందుచున్నదా? వైద్యులకు నెలజీతమా, వాటాయా? వచ్చిన జవాబులను సంఘపు గోడపలకపై వ్రాయింపవలెను. జవాబీయని యాసుపత్రి పేరును వ్రాయింపవలెను.

ధాన్యమునకు గిట్టుబాటు ధర కోరు రైతు, రాత్రియంతయు మేల్కొని తన తల్లిని కనిపెట్టు నర్సుకు గిట్టుబాటు వేతనము వలదనుట న్యాయము గాదు. రాబోవు సర్వసభ్య సమావేశములో నీ విషయమును చర్చకు పెట్టవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.