రన్‌వే ముందు ఆ రెండు నిమిషాలు

విమానం తలుపులు మూసుకున్నాయి. అందరూ బెల్టులు పెట్టుకున్నారు. ఎయిర్‌హోస్టెస్ చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ చెప్పేసింది. విమానం మెల్లగా కదిలి, నాలుగు మలుపులు తిరిగి, రన్‌వే దాకా వచ్చి ఆగిపోయింది. రెండు నిమిషాలు... అయిదు నిమిషాలు... ‘ఎందుకు ఆగింది నాన్నా?’ అంటాడు కిటికీ పక్కన కూర్చున్న పిల్లాడు. ‘ఇక్కడా ట్రాఫిక్ జామే’ అని నవ్వుతాడు తండ్రి. వెనక సీట్లో పెద్దాయన వాచీ చూసుకుని విసుక్కుంటాడు.

ఆ ఆగడం వెనక ఓ పెద్ద కథ ఉంది. 583 ప్రాణాలు పోయాక లోకం నేర్చుకున్న పాఠం అది.

ఆ ఆదివారం...

1977 మార్చి 27. ఆదివారం. స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లో లాస్ పాల్మాస్ విమానాశ్రయంలో బాంబు పేలింది. అక్కడ దిగాల్సిన విమానాలను పక్కనే ఉన్న టెనరీఫ్ దీవికి మళ్లించారు. టెనరీఫ్‌లోని లోస్ రోడియోస్ చిన్న విమానాశ్రయం. ఉన్నది ఒకటే రన్‌వే. వచ్చిన విమానాలు ఎక్కడ పడితే అక్కడ నిలబడిపోవడంతో, రన్‌వే చివరికి వెళ్లడానికి వాడే పక్కదారి మూసుకుపోయింది. ఇక ఒకటే మార్గం. రన్‌వే మీదే నడుచుకుంటూ చివరికి వెళ్లి, అక్కడ వెనక్కి తిరిగి, అదే రన్‌వే మీద పైకి లేవాలి.

ముందు డచ్ సంస్థ కేఎల్ఎం జంబోజెట్ అలాగే వెళ్లి, చివర్లో వెనక్కి తిరిగి నిలబడింది. దాని వెనకే అమెరికాకు చెందిన పాన్ యామ్ జంబోజెట్ రన్‌వే మీదకు వచ్చింది. మూడో మలుపులో పక్కకు తప్పుకోమని కంట్రోల్ టవర్ చెప్పింది. ఈలోగా పొగమంచు కమ్మేసింది. పాన్ యామ్ పైలట్లు ఆ మలుపు దాటిపోయారు. రెండు విమానాలూ ఒకదానికొకటి కనపడవు. టవర్‌లో ఉన్నవాళ్లకు రెండూ కనపడవు. నేల మీది విమానాలను చూపించే రాడార్ అక్కడ లేనే లేదు.

కేఎల్ఎం కెప్టెన్ సామాన్యుడు కాదు. ఆ సంస్థలో జంబోజెట్ పైలట్లకు శిక్షణనిచ్చే విభాగానికి పెద్ద. ఆలస్యమైతే సిబ్బంది డ్యూటీ గంటలు దాటిపోతాయన్న ఆదుర్దాలో ఉన్నాడు. పైకి లేచాక ఏ దారిన వెళ్లాలో టవర్ చెప్పింది. ఆ వాక్యంలో ‘టేకాఫ్’ అన్న మాట దొర్లింది. అది దారి గురించిన అనుమతే కానీ, బయల్దేరమని కాదు. కెప్టెన్ మాత్రం విమానాన్ని పరుగు తీయించాడు. ‘ఇప్పుడు టేకాఫ్‌లో ఉన్నాం’ అన్నాడు కో-పైలట్ రేడియోలో. టేకాఫ్‌కి సిద్ధంగా ఉన్నారని టవర్ అర్థం చేసుకుంది. ‘ఓకే’ అంది. క్షణం ఆగి, ‘టేకాఫ్‌కి ఆగండి, మేం పిలుస్తాం’ అంది. సరిగ్గా అదే క్షణంలో పాన్ యామ్ కూడా ‘మేమింకా రన్‌వే మీదే ఉన్నాం’ అంది. రెండు మాటలూ ఒకేసారి రావడంతో కేఎల్ఎం కాక్‌పిట్‌లో ‘ఓకే’ తర్వాత కీచుమనే శబ్దమే గట్టిగా వినిపించింది.

అక్కడ ఒక్కరికి మాత్రం అనుమానం వచ్చింది. ‘ఆ పాన్ యామ్ ఇంకా తప్పుకోలేదా?’ అని అడిగాడు ఫ్లైట్ ఇంజినీర్. ‘తప్పుకుంది’ అని కెప్టెన్ గట్టిగా చెప్పేశాడు. అంత పెద్ద కెప్టెన్‌కు మళ్లీ ఎదురు చెప్పలేదు ఎవరూ. అంతే! కొద్ది క్షణాల్లో రెండు జంబోజెట్లూ ఢీకొన్నాయి. కేఎల్ఎంలో ఉన్న 248 మందీ చనిపోయారు. పాన్ యామ్‌లో 396 మందికి గాను 61 మందే మిగిలారు. విమానయాన చరిత్రలో ఇప్పటికీ అంతకన్నా ఘోరమైన ప్రమాదం లేదు. అది ఆకాశంలో కాదు, నేల మీద జరిగింది!

మాటకు కట్టుబాటు

ఉండకూడని సమయంలో విమానం గానీ, వాహనం గానీ, మనిషి గానీ రన్‌వే మీదకు రావడాన్ని ‘రన్‌వే ఇన్‌కర్షన్’ అంటారు. టెనరీఫ్ తర్వాత దీన్ని ఆపడానికి ముందుగా మాటనే కట్టడి చేశారు. ‘టేకాఫ్’ అన్న పదాన్ని నిజంగా బయల్దేరమన్నప్పుడో, ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదు. మిగతా వేళల్లో ‘డిపార్చర్’ అనాలి. రన్‌వే ముందు ఆగమంటే పైలట్ ‘సరే’ అని ఊరుకుంటే చాలదు. విన్నది విన్నట్టుగా తిరిగి అప్పజెప్పాలి. కాక్‌పిట్‌లో చిన్నవాడైనా సరే, అనుమానం వస్తే నిలదీసి అడిగేలా శిక్షణ మొదలైంది. విమానం నేల మీద నడుస్తున్నప్పుడు పైలట్లు పిచ్చాపాటీ మాట్లాడుకోకూడదని అమెరికా 1981లో నిబంధన పెట్టింది.

మాట ఒక్కటే చాలదని 2001 అక్టోబరు 8న ఇటలీలో తేలింది. మిలాన్‌లోని లినాటే విమానాశ్రయం. మళ్లీ పొగమంచే. ఓ చిన్న జెట్ ఒక దారికి బదులు మరో దారి పట్టి రన్‌వే మీదకు వచ్చేసింది. అప్పుడే పైకి లేస్తున్న ఎస్ఏఎస్ విమానం దాన్ని ఢీకొంది. 118 మంది మరణించారు. నేల మీది గుర్తులు సరిగా లేవు. నేల రాడార్ పనిచేయడం లేదు. చిన్న జెట్ పైలట్ తానున్న చోటు పేరు రేడియోలో చెప్పినా, ఆ పేరు కంట్రోలర్‌కు తెలియనే తెలియదు!

గీతలు, దీపాలు

అందుకే విమానాశ్రయంలో ప్రతి గీతకూ అర్థముంది. రాత్రిపూట కిటికీలోంచి చూస్తే టాక్సీవే అంచున నీలిరంగు దీపాలు, రన్‌వే అంచున తెల్లదీపాలు కనిపిస్తాయి. రన్‌వే మొదలయ్యే ముందు నేల మీద నాలుగు పసుపు గీతలుంటాయి. రెండు నిండు గీతలు, రెండు తెగిన గీతలు. నిండు గీతల వైపు నుంచి వచ్చే విమానం అనుమతి లేకుండా వాటిని దాటకూడదు. పక్కన ఎర్రటి బోర్డు మీద తెల్లని అంకెలుంటాయి. అవి రన్‌వే దిక్కును చెబుతాయి. మన శంషాబాద్‌లో అవి 09, 27. అంటే 90 డిగ్రీల తూర్పు, 270 డిగ్రీల పడమర. పెద్ద విమానాశ్రయాల్లో ఆ గీత దగ్గర నేలలోనే ఎర్రదీపాల వరస ఉంటుంది. దాని పేరు ‘స్టాప్ బార్’. అది వెలుగుతున్నంతసేపూ విమానం దాన్ని దాటకూడదు.

ఇన్ని జాగ్రత్తలున్నా 2024 జనవరి 2న జపాన్‌లోని హనేడాలో మళ్లీ తప్పు జరిగింది. ముందురోజు వచ్చిన భూకంపం బాధితులకు సామగ్రి తీసుకెళ్లాల్సిన కోస్ట్‌గార్డ్ విమానాన్ని రన్‌వే ముందు దాకా రమ్మంటూ ‘నంబర్ వన్’ అంది టవర్. వరసలో మొదటిది అని దానర్థం. పైలట్ దాన్ని రన్‌వే మీదకు వెళ్లే అనుమతి అనుకున్నాడు. అక్కడి స్టాప్ బార్ మరమ్మతుల్లో ఉంది. టవర్‌లో తెర మీద హెచ్చరిక వచ్చినా ఎవరూ గమనించలేదు. దాదాపు 40 సెకన్లు రన్‌వే మీదే ఉన్న ఆ విమానాన్ని అప్పుడే దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం ఢీకొంది. కోస్ట్‌గార్డ్ విమానంలోని ఆరుగురిలో అయిదుగురు చనిపోయారు. మండుతున్న పెద్ద విమానంలోంచి మాత్రం 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ ప్రమాదం తర్వాత జపాన్ ఆ ‘నంబర్’ మాటను వెంటనే ఆపేసింది.

టెనరీఫ్‌లో ‘టేకాఫ్’, హనేడాలో ‘నంబర్ వన్’. పదాలు చిన్నవే. చెప్పినవాళ్లు చెప్పింది ఒకటి, విన్నవాళ్లు విన్నది ఒకటి. సందేహం వస్తే ఆగు, మళ్లీ అడుగు... విమానాశ్రయం నేల మీద అన్నిటికన్నా పెద్ద సూత్రం ఇదే.

కాబట్టి ఈసారి రన్‌వే ముందు విమానం ఆగినప్పుడు వాచీ చూసుకోనక్కర్లేదు. పక్కన పిల్లాడు ‘ఎందుకు ఆగింది?’ అని అడిగితే, ‘ఇంకో విమానం తప్పుకుందో లేదో కనుక్కుంటున్నారు నాన్నా’ అని చెప్పొచ్చు. టెనరీఫ్‌లో ఆ ఫ్లైట్ ఇంజినీర్ అడిగిన ప్రశ్న కూడా అదే!