మధ్యలో మానేసినవారిని ఎవరు పిలవాలి?



తాగుడు మానాలని ముందుకు వచ్చేవారికి ఈ రోజుల్లో ఫోన్‌లోనూ, వీడియో కాల్‌లోనూ కౌన్సెలింగ్ దొరుకుతున్నది. బస్సు ఛార్జీ అక్కరలేదు, ఆ రోజు కూలి పోదు, ఆసుపత్రి వరండాలో తెలిసినవారు చూస్తారన్న భయం లేదు. ఇది మేలైన మార్గమే. అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. తేలికగా చేరినవారు తేలికగానే మానేస్తారు. రెండు వారాలు బాగా మాట్లాడతారు, మూడవ వారం ఫోన్ ఎత్తరు. ఆసుపత్రికి వచ్చినవాడు లేచి వెళ్ళిపోతే ఎవరో ఒకరు చూస్తారు. ఫోన్ ఎత్తనివాడు వెళ్ళిపోయిన సంగతి ఎవరికీ కనబడదు.

ఇది మన ఊళ్ళలోనే జరిగేది కాదు. ఇంటర్నెట్ ద్వారా అందించే ఆరోగ్య కార్యక్రమాల్లో చేరినవారిలో చాలామంది మధ్యలో తప్పుకోవడం దాదాపు ఒక నియమంలాంటిదని గుంథర్ ఐసెన్‌బాక్ అనే పరిశోధకుడు 2005లోనే రాశారు. మన దేశంలో పరిస్థితి మరింత బాధాకరం. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేసిన సర్వే నివేదిక 2019లో వెలువడింది. మద్యానికి బానిసైనవారిలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందినట్లు అందులో తేలింది. అంటే ఒక్కరు మన దాకా వచ్చారంటే ఇంకా 37 మంది బయటే ఉన్నారు. వచ్చిన ఆ ఒక్కరిని కూడా పోగొట్టుకుంటే ఎలా?

ఎవరు మానేస్తారో ముందుగా చెప్పగలమా? కొంతవరకు చెప్పగలం. నార్వే పరిశోధకులు 2013లో వ్యసన చికిత్స గురించిన 122 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. వయసులో చిన్నవారు, జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి దెబ్బతిన్నవారు, వ్యక్తిత్వ సమస్యలు ఉన్నవారు, చికిత్స చేసేవారితో మనసు కలవనివారు మధ్యలో మానేసే అవకాశం ఎక్కువని వారు గమనించారు.

ఈ మాటలను కాస్త నిదానంగా ఆలోచించండి. ఏళ్ళ తరబడి తాగితే జ్ఞాపకశక్తి తగ్గుతుంది. అతడు “ఫోన్ సంగతి మరిచిపోయాను” అంటే మనం సాకు అని కసురుకుంటాం. నిజంగానే మరిచిపోయి ఉండవచ్చు. ఇక మనసు కలవకపోవడం రోగి ఒక్కడి తప్పు కాదు. అందులో కౌన్సెలర్ బాధ్యత కూడా ఉన్నది.

ఇక్కడే నా అభిప్రాయం స్పష్టంగా చెప్పదలచుకున్నాను. “ఇతను నిలబడే రకం కాదు, ఆ సమయం ఇంకొకరికి ఇద్దాం” అని తీసివేయడానికి ఈ అంచనాలను వాడకూడదు. ఎవరికి ముందుగా ఫోన్ చేయాలో తెలుసుకోవడానికే వాడాలి. ఫోన్ తప్పిన రోజునే, లేదా మరుసటి రోజునే, నింద లేకుండా పలకరించాలి. ఇంటర్నెట్ కార్యక్రమాలపై జరిగిన 19 పరిశోధనల సమాచారాన్ని 2018లో కలిపి చూశారు. యంత్రం మాత్రమే నడిపే కార్యక్రమాలకంటే మనిషి తోడు ఉన్నవాటిలో తాగుడు ఎక్కువగా తగ్గినట్లు కనబడింది. పిలిచే గొంతుకు విలువ ఉన్నది.

కుటుంబ సభ్యులు కూడా కొన్ని గుర్తులు చూడవచ్చు. ఈ వారం కాదు వచ్చే వారం అని వాయిదా వేయడం, కాల్‌లో ముఖం చూపించకపోవడం, అడిగినదానికల్లా “బాగానే ఉన్నాను” అని ముగించడం. ఒకసారి జారి తాగిన తరువాత వచ్చే సిగ్గు అన్నింటికంటే ప్రమాదం. ఆ సిగ్గుతోనే చాలామంది ఫోన్ పక్కన పెడతారు.

ఒక్క గది ఇంట్లో భార్య, అత్తగారు, పిల్లలు వింటుండగా అతడు నిజం ఎలా చెబుతాడు? వారానికి ఒక అరగంట అందరూ బయట అరుగుమీద కూర్చోండి. ఫోన్ కొడుకుదైతే ఆ సమయానికి చేతికి ఇవ్వండి. ఏమి మాట్లాడావని తరువాత ఆరా తీయవద్దు.

సంఘానికి కూడా ఒక మనవి. పది రోజులు తాగకుండా ఉన్నవానిని ఆదివారం వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పిస్తాం. అందరూ సంతోషిస్తారు. నెల తరువాత అతడు జారితే ఆరాధనకు ఏ ముఖంతో వస్తాడు? కౌన్సెలర్‌కు ఏ ముఖంతో ఫోన్ చేస్తాడు? సాక్ష్యానికి తొందర వద్దు. అతని పేరు చెప్పి అందరిముందు ప్రార్థన అంశంగా పెట్టవద్దు. గదిలో మోకాళ్ళూని ప్రార్థించండి, తరువాత వెళ్ళి టీ తాగుతూ మాట్లాడండి.

పిలవమన్నానంటే దెబ్బలు ఓర్చుకోమని కాదు. ఇంట్లో హింస ఉంటే ముందు మీరు, పిల్లలు క్షేమంగా ఉండాలి. మహిళల సహాయానికి 181 నంబరు ఉన్నది.

మరొక హెచ్చరిక. రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, చెమటలు, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల్లో మతి తప్పి లేనివి కనబడుతున్నాయని అనవచ్చు. ఇది దయ్యం కాదు, ప్రాణాపాయం. ఫోన్ కౌన్సెలింగ్ చాలదు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఆపకముందే డాక్టరును కలవడం ఇంకా మంచిది.

వ్యసన విముక్తికి 14446, మానసిక సహాయానికి 2022లో మొదలైన టెలీ మానస్ 14416 ఉచిత నంబర్లు. మానేసినవారు మళ్ళీ మొదటినుంచి సిగ్గుపడుతూ చేరనవసరం లేదు. ఎక్కడ ఆగిపోయారో అక్కడినుండే మాట్లాడవచ్చు.

తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానం మనకందరికీ తెలుసు. గొఱ్ఱె తానై తిరిగివస్తుందని కాపరి దొడ్డి దగ్గర కూర్చోలేదు. వెదకుతూ బయలుదేరాడు. ఈ వారం మీ వీధిలో ఫోన్ ఎత్తడం మానేసినవారు ఎవరైనా ఉన్నారా? ఒక్కసారి వెళ్ళి తలుపు తట్టండి.

దేవుడు మీ కుటుంబములను దీవించును గాక.